ప్రకృతివర్ణనమును బాలుర బహిర్విద్యయు: భట్టిప్రోలు పొలిమేరనుండి యొక విమర్శ

తెలుగు కావ్యములలోని ప్రకృతివర్ణనములను గూర్చి మన విమర్శకులు చాల వ్రాసియున్నారు. అష్టాదశవర్ణనలలో ఏ కవి వేనిని చేపట్టినాడు, ఏ సంస్కృతకవిని అనుసరించినాడు, ఎచ్చట ఏ యలంకారము పొసగినది అను విషయములు పలుమారులు చర్చింపబడినవి. కాని ఆ వర్ణనమును చదువు విద్యార్థి వర్ణింపబడిన వస్తువును కన్నులార చూచియుండెనా, లేదా అని అడిగినవారు అరుదు. ఆ ప్రశ్న బోధనాపద్ధతికి సంబంధించినదే కాని సాహిత్యవిమర్శకు చెందినది కాదని తలచుట మనలో కలదు. నేనట్లు తలపను. వస్తువును చూడనివానికి దానిని గూర్చిన పద్యము పదముల కుప్పయే. ఆ కుప్పలోనుండి అలంకారమును ఏరి పేరు పెట్టుట యాతనికి నేర్పవచ్చును. పద్యము మాత్రము ఆతనికి అందదు. బాలురను బడిగోడలు దాటించి పొలముగట్లకును కాలువయొడ్డులకును గొనిపోవుట వారి దేహారోగ్యమునకును వినోదమునకును ఎంత యవసరమో వారి భాషకును కావ్యపఠనమునకును అంత యవసరమని చూపుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఇందులకు భట్టిప్రోలును స్థలముగా గైకొనుచున్నాను. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుదారిలో వేమూరు, పెనుమర్రు దాటిన పిమ్మట వచ్చు గ్రామమిది. 2022 ఏప్రిలులో బాపట్ల జిల్లా యేర్పడువరకు గుంటూరు జిల్లాలోనిది. కృష్ణ పడమటి డెల్టాలోని నల్లరేగడి నేల. చుట్టును వరిచేలు, గట్లమీద తాళ్ళు, నడుమ కాలువలు. కొండ లేదు, అడవి లేదు. ప్రకృతి యనగానే హిమాలయమునో దండకారణ్యమునో తలచుకొను మనకు ఇచ్చట చూడదగిన ప్రకృతి యేమున్నది యను సందేహము కలుగును. నిజమునకు ఇచ్చటి ప్రకృతిలో పెక్కుపాలు మనుష్యుడు దిద్దుకొన్నదే. విజయవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది 1855లో. దాని స్థానమున ప్రకాశము బ్యారేజి వచ్చినది 1957లో. ఈ కాలువల నీటివెంట ఈ వరియు, ఈ వరివెంట కొంగలును, చేపలును, తుంగయు, జమ్మును నేడు మనము చూచు రూపమున నెలకొన్నవి. బాలునికి ప్రకృతి యనునది చేతికందనంత దూరముననున్న వస్తువు కాదనుటకు డెల్టాగ్రామముకంటె మంచి నిదర్శనము దొరకదు.

ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విల్లిపుత్తూరి వర్ణనములో బాతులను గూర్చిన పద్యమొకటి మిక్కిలి ప్రసిద్ధము. వరిమళ్ళ నడుమ పారు కాలువలలో బాతులు రెక్కల యీకలలో తలలు దూర్చుకొని నిద్రించుచుండును. ఊరికాపరులు వానిని చూచి, వేకువనే స్నానము చేసిపోయిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన పంచెలని భ్రమపడుదురు. వానిని తీసి యజమానులకు ఇత్తమని కాలువలోనికి దిగుదురు. బాతులు మేల్కొని పరువెత్తును. వరిచేలు కాయు పడతులు దానిని చూచి నవ్వుదురు. ఇంత కథను కృష్ణదేవరాయలు ఒక్క పద్యమున ఇమిడ్చినాడు. పరీక్షలో దీనిని గూర్చి అడిగిన యెడల విద్యార్థి ‘భ్రాంతిమదలంకారము’ అని వ్రాయును, మార్కులు పొందును. దానితో పద్యము ముగిసినట్లే.

కాని ఈ పద్యమందలి సొగసు అలంకారనామమున లేదు. బాతు నిద్రించు భంగిమ, తడిసి పిండిన పంచె గట్టుమీద పడియుండు తీరు, ఉదయపు మసకవెలుతురు అను మూడింటిని చూచిన కన్నునకే కాపరుల పొరపాటు సహజముగా తోచును. ఆ మూడును చూడనివానికి బాతును పంచెగా భావించుట వట్టి వికారకల్పనము. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. దానిని మన వ్యాఖ్యాతలు తగినంతగా పట్టించుకొనలేదని నా యభిప్రాయము. పద్యమున నవ్వినదెవరు? వరి కాయు ఆడువారు. రాత్రియంతయు ఊరు కాచి పొలమువంక ఎన్నడును చూడని కాపరికి బాతు తెలియదు. దినమంతయు చేనిగట్టున నిలుచున్న పడుచునకు తెలియును. తెలిసినవారు తెలియనివారిని చూచి నవ్విన నవ్వే ఈ పద్యమునకు ప్రాణము. చక్రవర్తియైన కవి జ్ఞానమును ఆ పడతుల పక్షముననే నిలిపినాడు. మన తరగతిగదులు మాత్రము నేటికిని కాపరిపక్షముననే యున్నవి.

కొన్ని యేండ్ల క్రిందట ఒక కళాశాలలో ఈ పద్యమునే చెప్పుచు, బాతు తన తలను రెక్కక్రింద దాచుకొని నిద్రించునని నేను వివరించితిని. వెనుకవరుసలోని విద్యార్థి యొకడు లేచి, “రెక్క కింద పెట్టదు మాష్టారూ, మెడ వెనక్కి తిప్పి వీపుమీది యీకల్లో ముక్కు దూర్చుకుంటుంది” అనెను. ఆతని తండ్రి వరికోతలైన చేలలో బాతులమంద మేపువాడట. గ్రంథము తీసి చూచితిని. కవి వాడిన మాటకు ఈకల గుంపు అని చెప్పుకొన్నచో ఆ విద్యార్థి చెప్పిన యర్థమే చక్కగా పొసగుచున్నది. క్రింద అను మాట కవిది కాదు, నాది. నేను పద్యమును టీకనుండి చదివితిని, ఆతడు బాతునుండి చదివెను. అయినను ఆ విద్యార్థికి ఆ సంవత్సరము తెలుగులో వచ్చిన మార్కులు చాల తక్కువ. ఈ విషయము నన్ను చాలకాలము బాధించినది. ఆతనియొద్దనున్న జ్ఞానమునకు మన ప్రశ్నపత్రమున చోటు లేదు.

జాషువ గిజిగాని కథయు ఇట్టిదే. గుంటూరు మండలమున వినుకొండలో 1895లో పుట్టిన ఈ మహాకవి గిజిగానిమీదను సాలీనిమీదను వ్రాసిన పద్యములు పాఠశాల వాచకములద్వారా తరతరముల బాలురకు కంఠస్థములైనవి. గిజిగాని పద్యములలో పిట్ట గూటిని తూగుటుయ్యెలగా భావించి, గడ్డిపోచలతో అంతటి నేర్పు చూపిన ఆ చిన్నప్రాణిని కవి సంబోధించినాడు. పద్యము చదివిన బాలుడు, అది నిజముగా ఎట్లు కట్టబడునో చూడగోరినచో, భట్టిప్రోలు చేలగట్లమీది తాటికమ్మలను వానకాలమున తలయెత్తి చూచిన చాలును. ఏ దూరదేశమునకును పోనక్కరలేదు. కాని తలయెత్తి చూడుమని చెప్పు ఉపాధ్యాయుడు ఎందరున్నారు?

చూచినచో ఏమి తెలియును? మొదట తెలియునది కట్టువాడు మగపిట్ట యని. వరియాకులనుండియు తాటాకులనుండియు ఈనెలవంటి పీలికలను ముక్కుతో చీల్చి తెచ్చి, కమ్మకొసకు ముడివైచి, క్రమముగా ఉంగరమువలె అల్లి, పిదప టోపీవంటి ఆకృతిని కల్పించును. గూడు సగమైనంతనే ఆడుపిట్టలు వచ్చి పరీక్షించును. నచ్చినచో మగపిట్ట క్రిందికి వ్రేలాడు గొట్టమువంటి వాకిటిని అల్లి పూర్తిచేయును. నచ్చనిచో ఆ సగపుగూడు అట్లే వ్రేలాడుచుండును. అందుచేతనే తాటిచెట్టునకు పూర్తియైన గూళ్ళతోపాటు అసంపూర్తి గూళ్ళును కనబడును. బాలుడు వానిని చూచి ‘ఇవియేల సగముననే నిలిచినవి?’ అని యడిగినచో ఆ ప్రశ్నయే విద్యకు ప్రారంభము. సలీం అలీ 1930లో బొంబాయికి సమీపముననున్న కిహీం గ్రామమున ఈ పక్షిని గమనించి, ఒకే మగపిట్ట వరుసగా పెక్కు గూళ్ళు కట్టి పెక్కు ఆడుపిట్టలతో కాపురము సేయునని లోకమునకు చూపినది ఇట్టి ప్రశ్నతోనే. ఆయన పరికరములు ఓపికయు, నిచ్చెనయు, పుస్తకమును మాత్రమే. గూటిలోపలి బంకమట్టి ముద్దలకు మిణుగురుపురుగులను అంటించి గిజిగాడు దీపము పెట్టుకొనునని మన పల్లెలలో ఒక నమ్మిక కలదు. మట్టి యుండుట నిజము, దీపము కల్పన. నిజమేదో కల్పన యేదో బాలుడే రాలిన పాతగూటిని విప్పి తేల్చుకొనవచ్చును. అట్లు తేల్చుకొన్నందున కల్పనయందలి సౌందర్యము తగ్గదు. ఒకటి లోకమునుండి వచ్చినదనియు, మరియొకటి మనసునుండి వచ్చినదనియు తెలిసినవానికే కవిత్వమనగా నేమో తెలియును.

ఇక బాలసాహిత్యము. తెనాలి ప్రాంతము తెలుగు బాలసాహిత్యమునకు పుట్టినిల్లనదగినది. 1947 జూలైలో ‘చందమామ’ను నెలకొల్పినవారిలో నొకరైన చక్రపాణి తెనాలివారు. 1952నుండి 1980లో మరణించువరకు దాని సంపాదకభారమును వహించిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలిలో పుట్టి పెరిగినవారు. నేడు ఆ పత్రిక వెలువడుట లేదు గాని, రెండు మూడు తరముల తెలుగుబాలురకు చదువుటయందలి రుచిని మప్పినది అదియే. ఆ ఋణము తీరునది కాదు. అయినను విమర్శకుడు ఋణముతోపాటు కొరతను కూడ లెక్కింపవలయును.

చందమామలోని అడవి యెట్టిది? అది రాక్షసుడు, మాంత్రికుడు, ముని ఎదురగు స్థలము. నాయకుని ధైర్యమునకు పరీక్షాస్థానము. దాసరి సుబ్రహ్మణ్యము ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలలో ఆ యడవికి అద్భుతమైన ఉత్కంఠను కూర్చినాడు. చిత్ర, శంకర్ అనువారు దానికి కనులపండువైన రూపము నిచ్చినారు. కాని ఆ యడవిలోని చెట్టునకు తరచుగా పేరు లేదు. బేతాళకథల యెత్తుగడనే చూడుడు. విక్రమార్కుడు నెలనెలయు శవమును దించిన చెట్టు వట్టి ‘చెట్టు’. మూలమైన కథాసరిత్సాగరమున అది శింశుపావృక్షము. ఈ మార్పు చిన్నదే. కథావేగమునకు అది మేలే చేసినది. కాని చెట్టునకు పేరు పోయినపుడు బాలుని కన్నునుండి చెట్టే పోవు నను సంగతిని మనము గుర్తింపలేదు. ఏ చెట్టో తెలిసియుండినచో, తన యూరి పొలిమేరలో అట్టిది కలదా యని ఒక్క బాలుడైన వెదకియుండెడివాడు కాదా?

కుటుంబరావు ‘చదువు’ నవల మరింత నిశితముగా పరిశీలింపదగినది. సుందరమను బాలుని అక్షరాభ్యాసమునుండి యౌవనమువరకు సాగిన ఆ కథలో, బడిలో చెప్పు చదువునకును బ్రదుకు నేర్పు చదువునకును గల యంతరమును రచయిత నిర్మోహముగా చూపినాడు. తెలుగులో విద్యను వస్తువుగా గ్రహించిన నవలలలో దీనికి సాటి లేదని నా నమ్మకము. కాని అందు సుందరమునకు బడిబయట గురువులైనవారు ప్రధానముగా మనుష్యులు, ఉద్యమములు, కాలగతి. చెట్టును, నీరును, పిట్టయు గురుస్థానమునకు రాలేదు. ఇది నవలకు దోషమని నేననను. మధ్యతరగతి పట్టణగృహమున బాలుడు ఎట్లు పెరుగుచుండెనో రచయిత అట్లే చూపినాడు. ఆ బాల్యమునకు పొలముతోడి సంబంధము అప్పటికే సన్నగిల్లినదని ఆ నవలయే సాక్ష్యమిచ్చుచున్నది.

తెనాలిలోనే పెరిగి, పాఠశాలల పర్యవేక్షకోద్యోగము చేసిన చలము ‘బిడ్డల శిక్షణ’లో పెద్దల దండనమును, భయమును నిర్దాక్షిణ్యముగా ఖండించినాడు. ఆయన ఇతర రచనలతో విభేదించువారు సైతము ఈ గ్రంథమును కాదనజాలరు. స్వేచ్ఛ లేనిచోట చూపు లేదు. కొట్టుదురను భయమున్న బాలుడు గురువు ముఖమునే చూచును గాని గురువు చూపు ఆకును చూడడు. ఈ విషయమున చలము వాదమును బహిర్విద్యకు పునాదిగా గ్రహింపవచ్చును. కాని పునాదియే యిల్లు కాదు. స్వేచ్ఛ నిచ్చిన తరువాత ఏమి చూపవలెను, చూచినదానికి పేరెట్లు పెట్టవలెను, రెండవమారు చూచుటకు ఓపిక యెట్లు కలిగింపవలెను అనునవి వేరు ప్రశ్నలు.

ఆ ప్రశ్నలకు జవాబు వెదకినవారు దేశమున కలరు. రవీంద్రుడు 1901లో శాంతినికేతనమున అయిదుగురు విద్యార్థులతో చెట్లనీడను బడి నారంభించినాడు. పంజరమున పెట్టి గొంతువరకు కాగితములు కూరగా చిలుక చచ్చిన కథను తరువాత వ్రాసినదియు ఆయనయే. మన రాష్ట్రముననే మదనపల్లె యొద్ద జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఋషివ్యాలీ పాఠశాలలో పక్షులను గమనించుట విద్యలో భాగమైనది. మధ్యప్రదేశమున హోశంగాబాదు జిల్లాలో 1972లో 16 గ్రామీణ పాఠశాలలతో మొదలైన విజ్ఞానబోధన కార్యక్రమము, బాలురను పొలములకు గొనిపోయి పంటలను, ఆకులను, పురుగులను వారిచేతనే పరీక్షింపజేసినది. ముప్పది యేండ్లు నడచి 2002లో నిలిచిపోయినది. 2005నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్టము బడిచదువును బడివెలుపలి జీవితముతో కలుపుటను తన మొదటి సూత్రముగా చెప్పినది. సూత్రమునకు కొదవ లేదు. భట్టిప్రోలులో ఒక సోమవారము ఉదయము ఏమి జరుగుననునదే సందేహము.

భట్టిప్రోలు పేరు వినగానే పండితులకు స్ఫురించునది స్తూపము. అచ్చటి దిబ్బలలో నొకదానిని జనులు విక్రమార్కకోట దిబ్బ యనిరి; చందమామ చదివిన బాలునికి ఈ పేరే ఒక పిలుపు. 1870లో బాస్వెల్, 1871లో వాల్టర్ ఎలియట్, 1882లో రాబర్టు సూయెల్ ఇచ్చటి దిబ్బలను పరిశీలించిన పిమ్మట, 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించినపుడు శిలాపేటికలును, వానిలో స్ఫటికపు భరిణెలును, ధాతువులును, బంగారుపూలును వెలువడినవి. పేటికలపై ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపి భేదముతో చెక్కిన శాసనములలో కుబిరకుడను రాజు పేరు కలదు. ఆ లిపిలోని విశేషమేమనగా, గుర్తు లేని అక్షరము వట్టి హల్లు. అకారము పలుకవలెనన్న దానికి వేరుగా గీత నీయవలయును. మన బాలుడు పలకమీద తలకట్టు దిద్దునపుడు ఈ ముచ్చట చెప్పినచో వానికి తలకట్టన్న విసుగు కొంత తగ్గునేమో!

కాని నేనిచ్చట చెప్పదలచినది శాసనమును గూర్చి కాదు. ఆ దిబ్బను బాలురకు ఎట్లు చూపుదుమో దానిని గూర్చి. వరుసగా నిలువబెట్టి, పలకమీది వాక్యములు చదివించి, ఛాయాచిత్రము తీసి వెనుకకు తెచ్చుట మన యాచారము. దానికి మారుగా స్తూపపు టిటుకను జేనతో కొలువనిండు. ఇంటికి పోయి నేటి యిటుకను కొలువనిండు. అంత పెద్ద యిటుక కాల్చుటకు మట్టి యెచ్చటిది, కట్టె యెచ్చటిది, రాయి లేని ఈ డెల్టానేలకు చలువరాయి యెట్లు వచ్చినది అని అడుగనిండు. ఆ చలువరాళ్ళలో పెక్కింటిని పందొమ్మిదవ శతాబ్దిలో కాలువపనులవారు కొనిపోయి వెల్లటూరు తూము కట్టుటకు వాడుకొనిరను సంగతి పిదప చెప్పవచ్చును. చరిత్రయు, భూగోళమును, నీటిపారుదలయు ఒకే నడకలో బాలునికి అందును. ఆ తూములగుండ పారిన నీటితోనే తన యింటి వరి పండినదని తెలిసిన బాలుడు, ఆ రాళ్ళను కొనిపోయినవారిని వట్టి మూర్ఖులని గాని, వట్టి ఉపకారులని గాని ఒక్కమాటతో తీర్పు చెప్పలేడు. అట్లు చెప్పలేకపోవుటయే మంచి చదువు.

దిబ్బ దిగి కాలువగట్టున నడచినచో మరియొక గ్రంథము తెరచినట్లగును. లకుముకిపిట్ట నీటిమీదికి వంగిన కొమ్మపై కదలక కూర్చుండి ఒక్కమారుగా దూకును. నీటికాకి మునిగి లేచి, గుంజమీద రెక్కలు చాచి ఆరబెట్టుకొనును. తీతువుపిట్ట నేలమీదనే గ్రుడ్లు పెట్టి, మనుష్యుడు సమీపించినపుడు అరచి దారి తప్పింపజూచును. దాని కూతను అశుభమని పెద్దలు భయపెట్టుదురు. తల్లి తన గ్రుడ్లకై మొరపెట్టుచున్నదని చూచినవాడు తెలిసికొనును. కాలువను కప్పిన గుర్రపుడెక్క నీలిపూలతో మనోహరముగా నుండును. కాని అది దక్షిణామెరికానుండి వచ్చి మన నీటిని ఆక్రమించిన మొక్క. సౌందర్యమును అపకారమును ఒకేచోట నుండుననుటకు ఇంతకంటె సులభమైన పాఠము లేదు. ఎండకాలమున ముంజెలు తిని మిగిలిన కాయలతో చక్రములు చేసి పుల్లతో బండి తోలని పల్లెబాలుడు నిన్నమొన్నటివరకు లేడు. ఇరుసు, చక్రము, రాపిడి అను యంత్రశాస్త్రమునంతయు వాడు గురువు లేకయే అభ్యసించెడివాడు. దానిని మనము ఆటయని తీసివైచితిమి.

ఇచ్చట తెలుగుశాఖవారమైన మనము సిగ్గుపడవలసిన విషయమొకటి కలదు. మన నిఘంటువులు తెరచి పక్షుల పేర్లను, చెట్ల పేర్లను వెదకుడు. ‘పక్షివిశేషము’, ‘వృక్షవిశేషము’, ‘మత్స్యవిశేషము’ అను సమాధానము అడుగడుగున ఎదురగును. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము మహోపకారకమైన గ్రంథమే. కాని అదియు ఈ దోషమునకు లోనైనదే. విశేషమనగా నేమి? దేనితో విశేషము? నిఘంటుకారుడు పుస్తకములలోనుండి మాటలు ఏరినాడు గాని మాటవెంట చెరువుగట్టునకు పోలేదు. దీనికి ప్రత్యుదాహరణము లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము రైతుల నోటినుండి, వారి పొలములలో, పనిముట్లను చూచి సేకరించిన మాటలతో కూడినది. పండితుడు బడి దాటి బయటికి పోయినందున భాషకు కలిగిన లాభమునకు అది ప్రమాణము. ఆ పనిని బాలురు చిన్నయెత్తున చేయలేరా? కొరమీను, మట్టగిడస, వాలుగ, బొమ్మిడాయి అను పేర్లను జాలరియొద్ద విని, చేపను చేతపట్టి చూచి, మీసములున్నవో లేవో, పొలుసున్నదో లేదో వ్రాసికొన్న బాలుని నోటుపుస్తకము పెక్కు ‘విశేషముల’కంటె విశేషమైనది.

ఇంతవరకు చెప్పినదానిపై ఆక్షేపణలు రాకపోవు. మొదటిది అపాయము. కాలువలలో బాలురు మునిగిపోవుట నిజము, పాములుండుట నిజము. అందుచేత ఏడవ తరగతిలోపల ఈత నేర్పుట ఈ ప్రాంతమున ఛందస్సు నేర్పుటకంటె ముందు జరుగవలసినదని నా యభిప్రాయము. పాము విషయమున అజ్ఞానమే అధికాపాయము. నీరుకట్టెకును కట్లపామునకును భేదమెరిగిన బాలుడు ఒకదానిని అనవసరముగా చంపడు, రెండవదాని సమీపమునకు పోడు. పురుగుమందు చల్లిన చేనిలోనికి మాత్రము ఏ బాలుని దింపరాదు. ఎపుడు చల్లినారో రైతును అడిగి తెలిసికొనుటతోనే ఆ దినపు పాఠము మొదలు కావలెను.

రెండవ యాక్షేపణ దీనికంటె బలమైనది. దీనికి సులభమైన సమాధానము నాయొద్ద లేదు. పొలము అందరు బాలురకును విహారస్థలము కాదు. తరతరములుగా కూలిబిడ్డలకు అది పనిచోటు. గేదెల వెంట తిరిగిన పిల్లవానికి, కలుపుతీసిన పిల్లకు నాకంటె నూరింతలు మొక్కలు తెలియును. వారి తలిదండ్రులు వారిని బడికి పంపినది ఆ యెండనుండి, ఆ బురదనుండి తప్పించుటకే. 2010 ఏప్రిలు 1నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల బాలబాలికలందరికి బడిని హక్కు చేసినది. అట్టి బిడ్డను మరల పొలమునకు గొనిపోయి ‘ప్రకృతిని చూడుము’ అన్నచో ఆ తల్లి యేమనుకొనును? ప్రకృతియొడిని గూర్చిన పట్టణవాసుల పారవశ్యము ఆమె చెవికి పరిహాసముగా వినబడదా? రూసో 1762లో ‘ఎమీల్’ వ్రాసినపుడు తలచిన బాలుడు, ప్రత్యేకముగా ఒక గురువును పెట్టుకొనగలిగినవాడు. మన బాలుడు వాడు కాడు.

అయినను పనికిని పరిశీలనకును భేదము కలదు. పనిలో నున్న బిడ్డకు జ్ఞానము కలుగును గాని తీరిక యుండదు. తనకు తెలిసినది జ్ఞానమని చెప్పువారును ఉండరు. బడి యీయవలసినది ఆ తీరికను, ఆ గుర్తింపును. కాలువగట్టునకు తరగతిని గొనిపోయిన దినమున, మొక్కల పేర్లు చెప్పువాడు ఉపాధ్యాయుడు కాక ఆ కూలివాని కొడుకగును. పట్టణపు వీధినుండి వచ్చినవాడు వ్రాసికొనును. తరగతిగదిలో కుదరని ఈ స్థానవినిమయము గట్టుమీద సహజముగా జరుగును. ఆముక్తమాల్యదలో నవ్విన పడతుల స్థానమిదియే. అంటరానితనమును కావ్యవస్తువు చేసి 1941లో ‘గబ్బిలము’ వ్రాసిన జాషువయే గిజిగానిని ఆదరించిన కవి యగుట నాకు కాకతాళీయముగా తోచదు. జనులు చిన్నచూపు చూచు ప్రాణినే ఆయన కన్ను వెదకినది.

ఉపాధ్యాయునికి తీరిక లేదు, పాఠ్యభాగము ముగియదు అను మూడవ మాటకు బదులుగా ఒక చిన్న సూచన చేయుదును. వాచకమున గిజిగాని పద్యములున్నచో వానిని వేసవి సెలవులైన వెంటనే చెప్పక, తొలకరి గడచి గూళ్ళు కట్టు దినములవరకు ఆపవలెను. పాఠముల క్రమమును ఋతువునుబట్టి మార్చుటకు రూపాయి ఖర్చు లేదు. మన పల్లెలవారు కార్తెలనుబట్టి విత్తుదురు. ఆరుద్రకార్తెలో నేలమీదికి వచ్చు ఎర్రని పట్టుపురుగునకు ఆ కార్తె పేరే పెట్టినారు. బడిమాత్రము జూను మొదలు ఏప్రిలు వరకు ఒకే ఋతువని భావించుచున్నది. ఇక ప్రశ్నపత్రమున ‘ఈ పద్యమందలి అలంకారమేది?’ అనుదాని ప్రక్కన, ‘ఈ పద్యమున చెప్పినదానిని నీవెచ్చట చూచితివి? కవి చెప్పినట్లే యుండెనా?’ అని మరియొక ప్రశ్న చేర్చి, మొదటిదానికి రెండు మార్కులైనచో దీనికి అయిదు మార్కులు కేటాయింపవలెను. ‘చూడలేదు’ అని నిజము వ్రాసినవానికి ఒక మార్కు.